అక్క డ్రమ్ముకి కొత్త పెడల్

మా చిన్నప్పుడు... రాయదుర్గంలో మా వీధికి సాయంత్రం పూట కునుకు లేకుండా చేసింది మా అక్కే. మూతపడిన ఓ పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా వాళ్ల దగ్గర నుంచి నాయన పాత డ్రమ్‌సెట్టు తెచ్చిచ్చాడు. అక్క బడి నుంచి రాగానే సంచీ విసిరేసి దాని ముందు కూర్చునేది.

ఒకరోజు వాయిస్తుండగా టప్పున ఏదో విరిగింది. పెద్ద డ్రమ్ముని కాలితో వాయించడానికి కింద పెడల్ ఉంటుంది కదా... తొక్కితే చిన్న సుత్తి వెళ్లి డ్రమ్ముకి తగులుతుంది. అది కాస్తా రెండు ముక్కలు.

వినాయక చవితి పందిట్లో అక్క వాయించాలి. "నా కూతురు వాయిస్తాది, రాండప్పా" అని కనిపించిన వాళ్లందరికీ నాయన చెప్పేశాడు. కౌన్సిలరుగా నిలబడి ఓడిపోయినా తెల్ల చొక్కా, తెల్ల పంచె మానని మనిషి... మాట పోతే ఎలా?

వెల్డింగ్ చేయిస్తే మర్నాడే మళ్లీ విరిగింది. ఇక బళ్లారి బస్సెక్కాం. అమ్మ ఇంట్లో తొక్కుడు మిషను మీద జీన్స్ ప్యాంట్లు కుట్టేది. మొదట రానంది. "మీరే పోతే దుకాణమంతా మోసుకొస్తారు" అంటూ మళ్లీ తనే అందరికంటే ముందు చెప్పులేసుకుంది.

అక్కడ వాయిద్యాల దుకాణం ఆయన మూడు పెడల్స్ తెచ్చి ఓ పెద్ద డ్రమ్ము దగ్గర నేల మీద పెట్టాడు. ఒకటి సుత్తిని లాగే చైనుది, ఒకటి చైను బదులు పట్టీది, ఒకటి రెండు కాళ్లతో తొక్కే జంట పెడల్. అక్క చూపు జంటదాని మీదే.

నాయన కూడా అదే అన్నాడు. "రెండు కాళ్లుండాయి కదప్పా. ఒక కాలు ఊరికే ఎందుకుండల్ల?"

తనే స్టూలు మీద కూర్చుని గట్టిగా తొక్కాడు. పంచె అంచు దాని చైనులో పడింది. దుకాణం ఆయన, అక్క కలిసి విడిపించేసరికి అంచంతా నల్లటి గ్రీజు...

"బాగా పట్టుకుంటాండాది" అన్నాడు నాయన, గంభీరంగా.

అమ్మ నాయనని లేపి, చెప్పులు విడిచి స్టూలు మీద కూర్చుంది. ఒక్కోదాన్నీ డ్రమ్ముకి తగిలించి మెల్లగా తొక్కి చూసింది. దబ్... దబ్... దబ్... కొంచెం కూడా తప్పని దెబ్బ. దుకాణంలో వాళ్లంతా ఇటు తిరిగారు.

"మీరు యాడ వాయిస్తారక్కా?" అని అడిగాడు దుకాణం ఆయన.

"నేను ప్యాంట్లు కుడతా" అంది అమ్మ. పట్టీది చేతిలోకి తీసుకుంది. "చైనుది బిరుసుగా ఉండాది. జంటది పిల్ల కాలికి అందదు. ఇదైతే కాలు వదిలితే తానే పైకొస్తాంది."

జంటది కొనలేదని అక్క బస్సులో మూతి ముడుచుకుని కూర్చుంది. ఇంటికొచ్చి బిగించి ఒకసారి తొక్కింది... ఇంకోసారి తొక్కింది... ఆ రోజు అన్నానికి పిలిచినా లేవలేదు.

చవితి రోజు పందిరి కిక్కిరిసింది. అక్క కొత్త ఉత్సాహంతో తొక్కుతుంటే, వేదికగా వేసిన బల్లల మీద పరిచిన ప్లాస్టిక్ పట్ట మీద పెద్ద డ్రమ్ము ముందుకు జారడం మొదలైంది. దెబ్బ దెబ్బకీ ఇంకాస్త. అక్క స్టూలుతో సహా దాని వెనకే జరుగుతోంది. ఇంకొంచెం అయితే డ్రమ్ము జనం మీద పడేదే.

ముందు వరసలో నాయకుల పక్కన కూర్చున్న నాయన లేచి వేదికెక్కాడు. మైకు కోసమే అనుకున్నారంతా. ఆయన మాత్రం ప్లాస్టిక్ పట్ట మీద చతికిలబడి, కాళ్లు చాపి, డ్రమ్ముకి వీపు ఆనించాడు. పాట అయ్యేదాకా ప్రతి దెబ్బకీ ఆయన తల ఊగుతూనే ఉంది. ముఖంలో మాత్రం సభాధ్యక్షుడి హుందాతనం.

అది కూడా కార్యక్రమంలో భాగమే అనుకుని జనం వన్స్ మోర్ అన్నారు. నాయన లేవకుండానే చొక్కా సర్దుకున్నాడు.

అంతా అయ్యాక అక్క భయంగా అడిగింది... "నొప్పిగా ఉండాదా నాయనా?"

"పెడల్ మంచిదే తెచ్చినాము" అన్నాడు.

ఇప్పుడు అక్క బెంగళూరులో అపార్ట్‌మెంట్‌లో ఉంటోంది. డ్రమ్ములున్నాయి... రబ్బరు పలకలవి. హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాళ్లకే వినిపిస్తాయి. నాయన వెళ్లినప్పుడు అక్క ఆయన చెవులకి పెట్టి, తనకేమీ వినిపించకపోయినా వాయిస్తుంది. పక్కింటివాళ్లకి ఏ ఇబ్బందీ లేదు.

మా వీధికి ఆ ఇబ్బంది ఉండేది... ఎంత బాగుండేదో.

మీ ఇంట్లోంచి వీధంతా వినిపించిన చప్పుడు ఏది? చెప్పండి, వింటాను...