జనగామ రోడ్డు మీద దగ్గు

జర్మనీలో ఒక సెమిస్టరు చదవడానికి కాలేజీ నన్ను ఎంపిక చేసిన ఏడాదే తెలంగాణ కోసం అందరూ పని మానేసి రోడ్ల మీదికొచ్చారు. బస్సులు లేవు, స్కూళ్లు లేవు. భూపాలపల్లిలో బొగ్గుబాయి కూడా బంద్. బాపు ఆ బాయిలో కార్మికుడు. పొద్దున్నే లేచి, డ్యూటీకి పోయినట్టే టిఫిను డబ్బా పట్టుకుని సమ్మె టెంటుకు పోయేవాడు. నేను ఇంట్లో కూర్చుని వీసా కాగితాలు సర్దుకునేదాన్ని.

ఆ సర్దుకోవడమే నాకు సిగ్గుగా ఉండేది. వాడకట్టు ఆడవాళ్లంతా ఎండలో కూర్చుని గొంతు పోయేదాకా నినాదాలు ఇస్తుంటే, నేను చెవులు రెండూ కనపడేలా వీసా ఫొటో దిగాలని స్టూడియో షట్టరు సగం లేపించి దొంగలా దూరాను. చలికోటు కొందామంటే బట్టల కొట్లన్నీ మూత. చివరికి పక్కింటావిడ ఢిల్లీలో ఉండొచ్చిన తమ్ముడి పాత స్వెటరు తెచ్చిచ్చింది. "మన తెలంగాణ వచ్చినంక కొత్తది కొనుక్కో బిడ్డా" అంది. నవ్వుతూనే అంది గానీ, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

బాపుకు మాత్రం ఆ సంకోచమేమీ లేదు. టెంటు దగ్గర కనపడ్డ ప్రతి ఒక్కరికీ "మా బిడ్డ జర్మనీ పోతాంది" అని చెప్పేవాడు. చెప్పి, మళ్లీ పోయి రోడ్డుకు అడ్డం కూర్చునేవాడు. రాస్తారోకో అంటే ముందు వరస ఆయనదే. ఒకరోజు అన్నం తింటూ చెప్పాడు. ఒక పిల్ల వాళ్ల నాయిన బండి మీద వచ్చిందట. హనుమకొండలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది, వదలండని ఏడ్చిందట.

"తెలంగాణ వస్తే కొలువులన్ని మనయే, జర ఓపిక పట్టు బిడ్డా అని మర్లగొట్టిన" అన్నాడు.

"మంచి పని చేసినవ్ బాపూ" అన్నాను. చారు పోసుకుంటూ అన్నాను.

నా వీసా అపాయింట్‌మెంటు హైదరాబాద్‌లో, మధ్యాహ్నం పూట. అది తప్పితే మళ్లీ తేదీ దొరికేసరికి అక్కడ క్లాసులు మొదలైపోతాయి. చదువు సంగతి మరిచిపోవాల్సిందే. అందుకని ముందురోజే బాపు మోటారుసైకిలు మీద నెల్లికుదురు దగ్గరున్న మా తండాకు చేరాం. నాయనమ్మ జర్మనీలో ఏం తింటారోనని జొన్నపిండి మూట కట్టింది. ఇప్పుడే వద్దంటే వినలేదు. ఆ మూటనూ నా ఫైలునూ ఒళ్లో పెట్టుకుని తెల్లారగానే బాపు వెనక కూర్చుని బయల్దేరాను.

జనగామ దాటుతుండగా రోడ్డు మధ్యలో పొయ్యిలు కనిపించాయి. వంటావార్పు. ఆ రోజుల్లో అదొక పద్ధతి. నడిరోడ్డు మీద రాళ్లు పెట్టి, గుండిగల్లో వండి, తాము తిని, ఆగిపోయిన వాళ్లకు కూడా అక్కడే విస్తరి వేసేవాళ్లు. దవాఖానకు పోయేవాళ్లను, పెండ్లివాళ్లను తప్ప ఎవర్నీ పోనీయరు.

"ఏడికన్నా?" అని అడిగాడు బండి ఆపినాయన.

నేను ఫైలు బయటికి తీస్తున్నాను. బాపు చెయ్యి వెనక్కి పెట్టి దాన్ని నొక్కి పట్టాడు.

"దవాఖానకన్నా. బిడ్డకు పానం బాగలేదు."

బాపు అబద్ధమాడగా నేను అంతకు ముందు వినలేదు. ఒకరు అబద్ధమాడితే పది మందిలో నిలదీసే మనిషి. ఆయన మెడ మీద చెమట పట్టడం వెనక నుంచి కనిపించింది. చూడలేక నా చెప్పుల వైపు చూసుకున్నాను.

పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్న ఒకావిడ లేచి వచ్చింది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని ఉంది. చేతులకు పసుపు.

"ఏమైందే బిడ్డకు?"

బాపు తడబడ్డాడు. నావైపు తిరిగి మెల్లగా, మా లంబాడీ మాటలో అన్నాడు: "దగ్గు. గట్టిగ దగ్గు. వీసా టైం దాటిపోతది."

అది మా ఇంటి మాట. దుకాణంలో బేరం కుదరకపోయినా, ఎవరింట్లోనైనా కూర నచ్చకపోయినా, వాళ్ల ముందే మేం నిశ్చింతగా ఆ మాటలో చెప్పుకునేవాళ్లం. తలుపు వేసుకుని మాట్లాడుకున్నట్టే మాకది.

దగ్గాను. ఇంజనీరింగు మూడో ఏడు, కాలేజీలో ఫస్టు, విమానం ఎక్కబోతున్న దాన్ని, నడిరోడ్డు మీద నిలబడి దగ్గాను. మొదటి దగ్గు నాటకం. తర్వాత పొయ్యిల పొగకు నిజంగానే వచ్చి, ఎంతకీ ఆగలేదు.

"అయ్యో, కూసో బిడ్డా. ఏం తినకుంట ఎట్ల పోతవ్?" అంటూ ఆవిడ నా వీపు రాసింది. కారం పప్పు పెట్టలేదు. మెత్తటి అన్నం విడిగా తీసి, మిరియాల చారు పోసి, పిసికి ఇచ్చింది. ఒకామె కొంగుతో గాలి విసిరింది. ఇంకొకామె "పిల్ల గింత ఎండిపోయేదాక ఏం చేస్తున్నవే?" అని బాపును కోప్పడింది. గుండిగ మూత అప్పుడే తీశారు. వాళ్లింకా ఎవరూ తినలేదు. మొదటి ముద్ద నాకు పెట్టారు. సిగ్గుతో అది నా గొంతు దిగలేదు. దాన్ని కూడా జబ్బనే అనుకున్నారు.

తర్వాత అడ్డం పెట్టిన ఎడ్లబండిని తలో చెయ్యి వేసి పక్కకు జరిపారు. ఒకాయన "పేషంటు, పేషంటు, జరుగున్రి" అని అరుస్తూ మా ముందు పరుగెత్తాడు. ఆగిపోయిన లారీల డ్రైవర్లు నన్ను జాలిగా చూశారు. బాపు వీపుకు ముఖం ఆనించి దాచుకున్నాను. అదీ వాళ్లకు నీరసంగానే కనపడి ఉంటుంది.

వీసా ఆఫీసుకు వేళకే చేరాం. కిటికీ అవతలి అమ్మాయి నా కాగితాలు తిప్పుతూ, మీ వైపు గొడవలట కదా, దారిలో ఇబ్బంది పెట్టలేదా అని అడిగింది. లేదన్నాను. నా బట్టలు ఇంకా పొగ వాసన వేస్తున్నాయి.

తిరిగి వచ్చేటప్పుడు, జనగామ రాకముందే బాపు బండి నెమ్మది చేశాడు.

"వేరే తొవ్వల పోదామా?"

మూటను ఒళ్లోకి లాక్కుని పక్కకు చూశాను. ఒళ్లంతా కోపంగా ఉంది, ఎవరి మీదో తెలియదు. బాపు అదే రోడ్డున పోనిచ్చాడు.

పొయ్యిలు చల్లారాయి. ఆడవాళ్లు రోడ్డు పక్కన కూర్చుని గుండిగలు తోముతున్నారు. పొద్దుటి ఆవిడ మమ్మల్ని గుర్తుపట్టి, బూడిద చేతులతోనే ఎదురొచ్చింది. నా ముఖంలోకి చూసి అడిగింది. తెలుగులో కాదు, మా మాటలో.

"దగ్గు తగ్గిందా బిడ్డా? వీసా టైముకు అందినవా?"

ఆమెది కొడకండ్ల దగ్గర తండా. జనగామలో ఏదో ఆఫీసులో ఉద్యోగమట, ఆమె కూడా సమ్మెలోనే ఉంది. చీరకట్టు చూసి, తెలుగు విని, మనామె అని మాకు తట్టనే లేదు. మేం వేసుకున్నామనుకున్న తలుపుకు లోపలే ఉంది ఆవిడ. అంతా విని, ఆ అన్నం పిసికి పెట్టింది.

బాపు బండి దిగాడు.

"ఎరుకైనంక గూడ ఎందుకు పోనిచ్చినవక్కా?"

"సదువుకు పోయే ఆడపిల్లను నేనెట్ల ఆపుతనే అన్నా? గదే చెప్తె అయిపోతుండె. దవాఖాన అనుడెందుకు?"

బాపు రోడ్డు మీద నల్లబడ్డ మచ్చల్ని చూస్తూ నిలబడ్డాడు.

"మా కాడ ఒగ పిల్ల ఇంటర్వ్యూకు పోతాంటె నేనే మర్లగొట్టినక్కా. మీరు గూడ నా లెక్కనే ఉంటరనుకున్న."

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ, ఊరికే తెలుసుకుందామన్నట్టు అడిగింది.

"మల్ల ఇంటర్వ్యూకు పిలిచిన్రా ఆ పిల్లను?"

"ఎరుకలేదక్కా" అన్నాడు బాపు. ఊరు అడగలేదు, పేరు అడగలేదు. నేనూ అడగలేదు. ఆవిడ అడిగిన ఆ మాట, బాపు ఆ సంగతి చెప్పిన రోజు, ఇంట్లో అన్నం ముందు కూర్చున్న నా నోట్లోంచి రాలేదు.

నాయనమ్మ ఇచ్చిన జొన్నపిండి మూట ఆవిడ చేతిలో పెట్టాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

మర్నాటి నుంచి బాపు మళ్లీ టెంటుకు పోయాడు. తండ్రి వెనక కూర్చున్న ఆడపిల్ల కనిపిస్తే చాలు, లేచి నిలబడి ముఖం చూసేవాడు, ఆమేనేమోనని. ఎవరైతేనేం, తానే పక్కకు జరిగి దారి ఇచ్చేవాడు. నాకు వీసా వచ్చింది. ఆ పిల్ల మళ్లీ ఆ దారిన రాలేదు.