మా ఆవిడ పేరు చెప్పి కొన్న ప్లయర్

పోయిన ఏడాది ఎండాకాలంలో నా కుడిచెయ్యి నన్ను మోసం చేస్తోందని నాకు గట్టి నమ్మకం కుదిరింది.

నేను మినరల్ వాటర్ ప్లాంట్లు బాగుచేస్తుంటాను. తెనాలి, బాపట్ల, రేపల్లె, వాటి మధ్యనున్న ఊళ్ళు, ఎక్కడ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయో అక్కడ నాకు పని ఉంటుంది. అంటే దాదాపు అన్నిచోట్లా పనే. బండి వెనక పెద్ద టూల్ బాక్సు ఉంటుంది గానీ సగం పని నా నడుముకు వేలాడే మడత ప్లయర్‌తోనే అయిపోతుంది. షాపుల్లో దాన్ని మల్టీ టూల్ అంటారు. రెండు పిడులూ విప్పితే ప్లయర్. ఆ పిడుల్లోంచి లాగితే చాకు, స్క్రూడ్రైవర్లు, చిన్న రంపం, డబ్బా మూత తెరిచే కొక్కెం. పదహారేళ్ళ క్రితం తెనాలిలో కొన్నాను. పైపు కొయ్యడానికి, వైరు తొక్క తియ్యడానికి, క్లిప్పు బిగించడానికి, ఆఖరికి పచ్చి మామిడికాయ ముక్కలు కోసి ఉప్పూకారం అద్దుకోవడానికి కూడా అదే.

ఎండలు ముదిరేసరికి ఆ ప్లయర్ మొరాయించడం మొదలెట్టింది. ఈ మాట ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను. అప్పుడు మాత్రం మొరాయిస్తున్నది ప్లయర్ అని నాకు తట్టనే లేదు. నా చెయ్యి పట్టు తప్పుతోందనుకున్నాను.

అలా అనుకోవడానికి కారణం మా అన్నయ్య. రేపల్లెలో ఉంటాడు. మోటార్లు రివైండింగ్ చేసేవాడు. వెంట్రుకంత రాగితీగని ఒక్క చుట్టు తేడా రాకుండా చుట్టేవాడు. పనిముట్టు పట్టుకోవడం నాకు నేర్పింది అన్నయ్యే. యాభై రెండో ఏట బొటనవేలు వణకడం మొదలైంది, తర్వాత చెయ్యంతా. నరాల జబ్బన్నారు. మందులతో మనిషి నిలబడ్డాడు గానీ పని నిలబడలేదు. ఇప్పుడు టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాడు, అదీ సగం పోస్తేనే. పోయిన ఏడాదికి నాకు యాభై ఒకటి నిండాయి. నా భయం ఏంటో ఇంకా విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటాను.

మొదటిసారి తెనాలి పక్కన ఒక ప్లాంటులో జరిగింది. చాకు తియ్యబోతే గోరు జారింది. మళ్ళీ ప్రయత్నిస్తే మళ్ళీ జారింది. పక్కనే నిలబడి ప్లాంటు ఓనరు చూస్తున్నాడు. సరే, ప్లయర్‌తోనే క్లిప్పు బిగిద్దామని పిడులు నొక్కితే దాని నోరు మూసుకోలేదు. రెండు చేతులూ వేసి, పళ్ళు బిగించి నొక్కాను. క్లిప్పు బిగిసింది. వదిలాక చూసుకుంటే నా బొటనవేలు సన్నగా అదురుతోంది. చెయ్యి జేబులో పెట్టేసుకుని, "అయిపోయిందండి" అన్నాను.

ఆ రోజు నుంచి నా చేతికి నేనే కాపలా కాశాను. టీ తాగేటప్పుడు గ్లాసులో టీ కదులుతోందా లేదా అని చూసేవాణ్ణి. కళ్ళు ఆర్పకుండా చూస్తూ ఉంటే ఎవరి టీ అయినా కదులుతుంది, ఆ సంగతి నాకప్పుడు తెలీదు.

"ఏవండీ, రోజూ ఆ గ్లాసులోకి అలా తొంగి చూస్తారేంటి? నేనేమన్నా మందు కలిపాననా?" అని మా ఆవిడ అడిగింది.

"చీమ పడిందేమోనని."

"రోజుకో చీమ పడుతుందా మీకు?"

డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చు కదా అనిపిస్తుంది ఎవరికైనా. వెళితే ఆయన చెప్తాడు. చెప్తాడనే వెళ్ళలేదు. అన్నయ్య దగ్గరికి కూడా మానేశాను. అంతకుముందు వారానికోసారి రేపల్లె వెళ్ళి కూర్చునేవాణ్ణి. అన్నయ్య మాట తడబడినా చూపు తడబడదు, నా చెయ్యి చూస్తే ఇట్టే పట్టేస్తాడు. పనెక్కువగా ఉందని ఫోన్లో అబద్ధాలు చెబుతూ రెండు నెలలు గడిపేశాను. నా మీద నాకే చిరాకు వేసేది. ఆ చిరాకు తీసుకెళ్ళి ప్లాంటు ఓనర్ల మీద చూపించేవాణ్ణి.

చివరికి ఒక ఉపాయం తోచింది. బలం తగ్గిన చేతికి బలం అక్కర్లేని పనిముట్టు కొనుక్కుంటే ఇంకో రెండేళ్ళు ఎవరికీ తెలీకుండా నెట్టుకురావచ్చు. అంటే నేను కొత్త మడత ప్లయర్ వెతకడం మంచిదాని కోసం కాదు, మెత్తటిదాని కోసం.

ముందు ఫోన్లో వీడియోలు చూశాను. ఒక్కోదానికి పాతికేసి పనిముట్లు ఉన్నాయి. గోళ్ళు కత్తిరించేది, చేప పొలుసు గీసేది, సీసా మూత తీసేది, కొలబద్ద. ఏనుగుకి పళ్ళు తోమే బ్రష్ ఒక్కటే తక్కువ. వాటిని చూపించే కుర్రాడు ఫట్‌మని తీసి ఫట్‌మని మూస్తున్నాడు. ఆ ఫట్‌మన్న చప్పుడు వింటుంటే నాకు కడుపు మండిపోయింది, ఫోను పక్కన పడేశాను.

తెనాలిలో ఒక షాపుకి వెళ్ళాను. షాపాయన అద్దాల బీరువాలోంచి తళతళలాడేది తీశాడు. చేతిలోకి తీసుకోవాలంటే భయమేసింది. ఇంత కొత్తది కూడా తెరుచుకోకపోతే? ఆ రోజు శనివారం. శనివారం ఇనుము కొనకూడదు కదండీ అని బయటపడ్డాను. ఆ పట్టింపు నాకు జీవితంలో ఎప్పుడూ లేదు. స్టీలుకి అది వర్తించదండీ అని ఆయన వెనకనుంచి అంటూనే ఉన్నాడు.

మంగళవారం బాపట్లలో పని పడింది. సముద్రం వైపు వెళ్ళే రోడ్డులో పడవల వాళ్ళకి తాళ్ళు, వలల సామాను, పనిముట్లు అమ్మే కొట్టొకటుంది. కొట్లో ఒకావిడ కూర్చుని ఉంది. నలభై ఐదేళ్ళుంటాయి. బొటనవేలంత లావు నైలాను తాడుని కొయ్యపీట మీద పెట్టి కత్తితో ఒక్క వేటుకి తెంపుతోంది.

"ఏం కావాలి అన్నయ్య గారూ?"

"మడత ప్లయర్ అమ్మా. తేలిగ్గా తెరుచుకునేది. చాలా తేలిగ్గా. నాక్కాదు, మా ఆవిడకి."

ఆవిడ తాడు పక్కన పెట్టింది. "వదినగారు ఏం పని చేస్తారండీ?"

ఇది నేను ఊహించని ప్రశ్న. "వంట" అన్నాను.

"వంటకి ప్లయరెందుకండీ?"

"గ్యాస్ పైపు..." అని ఏదో నసిగాను. ఆవిడ నవ్వు ఆపుకుంటూ నా నడుము వైపు చూసింది. "ఆ పాతది ఒకసారి చూపించండి, కొలత చూసి అలాంటిదే ఇస్తాను."

కత్తులూ కత్తెరలూ చేతిలోంచి చేతిలోకి ఇస్తే గొడవలొస్తాయని మా వైపు ఇవ్వరు కదా, అలవాటు కొద్దీ బల్ల మీద పెట్టాను. ఆవిడ తీసుకుని పిడులు విప్పబోయింది. రాలేదు. ఇటు తిప్పి పట్టుకుంది. రాలేదు. కుర్చీలోంచి లేచి, రెండు చేతులతో, మెడ నరాలు పొంగేలా లాగింది. కిర్రుమంటూ సగం తెరుచుకుని ఆగిపోయింది.

"ఏంటండీ ఇది! లంగర్లు లాగిన చేతులండీ నావి. దీంతో మీరు రోజూ పని చేస్తున్నారా?"

నాకు అంతుపట్టింది, కానీ నమ్మడానికి భయంగా ఉంది. "ఇంకోసారి తెరవమ్మా" అన్నాను. ఆవిడ వింతగా చూసి ఇంకోసారి తెరిచింది. ఇంకోసారీ కిర్రుమంది. ఆవిడ బొటనవేలు కూడా అదిరింది. పరాయి ఆడమనిషి వేలు అదిరితే అంత ఆనందపడ్డ మగాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

తర్వాత ఆవిడ వల కుట్టే సూది తీసి మడత సందులో గెలికింది. పసుప్పచ్చని పెళ్ళలు రాలాయి. తర్వాత ఎర్రవి. మధ్యలో నల్లటి జిగురు.

"ఇదేంటండీ, ఇందులో పులిహోర కలిపారా?"

నాకప్పుడు వెలిగింది. ఏటా దసరాకి ఆయుధపూజ చేస్తాం. అందరూ పనిముట్లకి పైపైన ఒక బొట్టు పెట్టి వదిలేస్తారు. నాకు అన్నం పెట్టేది ఇదే కదా అని నేను మాత్రం దీని రేకులన్నీ విప్పి, ఒక్కోదానికీ మొదట్లో, సరిగ్గా ఇరుసు దగ్గర, తడి పసుపు, కుంకం, గంధం దట్టంగా పట్టించేవాణ్ణి. పూజలో పెట్టిన బొట్టు చేత్తో తుడవకూడదు, దానంతటదే పోవాలి. అది పోయేది కాదు. దాని మీద నేను నూనె వేసేవాణ్ణి, గ్రీజు పూసేవాణ్ణి, ఉప్పునీళ్ళలో ముంచేవాణ్ణి. పదహారు దసరాల భక్తి అంతా అందులో గట్టిపడి కూర్చుంది. ఆ సంగతి చెప్తే ఆవిడ బల్ల మీద తల పెట్టి మరీ నవ్వింది. నేనూ నవ్వాను. రెండు నెలల తర్వాత నవ్వడం కదా, దవడలు నొప్పెట్టాయి.

"కడిగితే బాగవుతుందేమో గానండీ, నోరు కూడా అరిగిపోయింది. కొత్తది తీసుకోండి" అంది. మూడు రకాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇప్పుడు నేను మనిషిలా ఎంచుకున్నాను. ఒకటి మరీ బొమ్మలా ఉంది. ఒకదానికి పనిముట్లు ఎక్కువైపోయాయి. మూడోది నల్లగా, సాదాగా ఉంది. ప్లయర్, చాకు, రంపం, రెండు స్క్రూడ్రైవర్లు, అంతే. రేకు మడిస్తే టక్కున ఆగుతోంది. తేలిగ్గా తెరుచుకునేది అడిగినవాణ్ణి, బిగుతుగా ఉన్నదాన్ని తీసుకున్నాను.

"వదినగారికి నచ్చుతుందాండీ?" అంది ఆవిడ.

"నచ్చకపోతే నేనే వాడుకుంటాలే అమ్మా."

అటునుంచి కర్లపాలెంలో ఇంకో ప్లాంటు పని ఉంది. ఆ బిగుతు ప్లయర్‌తోనే క్లిప్పులన్నీ ఒంటిచేత్తో బిగించాను. అవసరం లేనివి కూడా విప్పి మళ్ళీ బిగించాను. చేతిని బారుగా చాపి చూసుకున్నాను. కదల్లేదు. ప్రాణం లేచొచ్చింది. అక్కడి ఓనరుకి ఊరికే నమస్కారం పెట్టాను. ఆయన, పాపం, ప్రతి నమస్కారం పెట్టాడు.

అలాగే ఇంటికి వెళ్ళిపోవచ్చు. కానీ బండి రేపల్లె వైపు తిప్పాను. సంతోషం ఆగక వెళ్ళాను, అంతే. సగం దారిలో గానీ నేను ఎవరి దగ్గరికి ఏ కబురు మోసుకెళ్తున్నానో గుర్తు రాలేదు. నీకొచ్చింది నాకు రాలేదని ఆయనకి ఏ మొహంతో చెప్పను? చెప్పకూడదు అనుకున్నాను. ఊరికే కూర్చుని వచ్చేద్దామనుకున్నాను.

ఇంకా పొద్దు ఉంది. అన్నయ్య వరండాలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి పలకరించలేదు.

"ఏదీ, చెయ్యి చూపించు" అన్నాడు.

అలవాటు కొద్దీ చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

"రెండు నెలల్నుంచి రావట్లేదంటే నాకు తెలీదురా? నేనూ మొదట్లో అందర్నీ ఇలాగే తప్పించుకు తిరిగాను. చూపించు."

చాపాను. అన్నయ్య చాలాసేపు చూశాడు. చాలదన్నట్టు లోపలికి వెళ్ళి తన ఆసుపత్రి ఫైలు, ఒక తెల్లకాగితం, పెన్ను పట్టుకొచ్చాడు. "జంతిక చుట్ట గియ్యి. లోపల్నుంచి బయటికి. చెయ్యి కింద ఆనించకుండా. డాక్టరు నాకు ముందు పెట్టిన పరీక్ష ఇదే."

గీశాను. భయంతో మొదలుపెట్టాను గానీ గీత ఎక్కడా తెగలేదు, నాలుగు చుట్లూ గుండ్రంగా వచ్చాయి. అన్నయ్య ఫైల్లోంచి తన కాగితం తీసి దాని పక్కన పెట్టాడు. గాజుపెంకుల్లాంటి గీతలతో, నలిగి, చిన్నగా, మధ్యలోనే ఆగిపోయిన చుట్ట. వెంట్రుకంత తీగని తప్పులేకుండా చుట్టిన చెయ్యి గీసింది. నాకు నా కాగితం మడిచి దాచెయ్యాలనిపించింది. అన్నయ్య దాన్ని గట్టిగా పట్టుకున్నాడు, వదల్లేదు.

అప్పుడు అంతా చెప్పేశాను, పసుపు, కుంకం, పులిహోర, లంగర్లు లాగిన ఆవిడ. అన్నయ్య వింటున్నాడో లేదో తెలీలేదు. రెండు కాగితాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"డాక్టరుకి మాత్రం ఒకసారి చూపించుకో" అన్నాడు. తర్వాతి వారం చూపించుకున్నాను, ఏమీ లేదన్నారు. కానీ ఆ సాయంత్రం అన్నయ్యకి డాక్టరు మాట అక్కర్లేకపోయింది.

"రాత్రిళ్ళు నిద్ర ఉండేది కాదురా. మన రక్తంలోనే ఉన్నదేమో ఇది, ముందు నాకొచ్చి నీకు దారి చూపించిందేమోనని" అన్నాడు. వణికే చేత్తో నా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టడానికి చాలాసేపు పట్టింది. నేను సాయం పట్టబోతే వద్దన్నాడు. మడిచి తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"నాతో ఆగిపోయింది. చాలు" అన్నాడు, ఇంట్లో ఎవరికో పెళ్ళి కుదిరినట్టు మొహం పెట్టి. ఏడ్చింది నేను.