దాలయ్య చేతిలో మిగిలిన కరెంటు

1968 చలికాలం. శ్రీకాకుళంలో మా ఆసుపత్రికి ఈఎమ్‌జీ యంత్రం కొత్తగా వచ్చింది. చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు కాబట్టి, దాని టెక్నీషియన్‌గా నాకు పొగరు బాగానే ఉండేది. కండరం పనిచేస్తే అందులో కాస్త విద్యుత్తు పుడుతుంది. సన్నని సూది గుచ్చితే అది తెర మీద గీతగా ఎగురుతుంది, స్పీకరులో టపటపమని వినిపిస్తుంది. మనిషి ఎంత ప్రయత్నించినా ఆ టపటప రాలేదంటే, నరం నుంచి కబురు అందడం లేదని లెక్క.

భావనపాడు నుంచి దాలయ్య అనే జాలరి వచ్చాడు. పడవ మీంచి పడి కుడి జబ్బ ఎముక విరిగింది. ఐదు నెలలకు ఎముక అతుక్కుంది గాని మణికట్టు వేలాడిపోయింది. ఆ ఎముకను ఆనుకుని వెళ్లి మణికట్టును ఎత్తించే నరం చచ్చిపోయి ఉంటే సోమవారం ఆపరేషను. టెండన్, అంటే కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాడు. ముంజేతిలో బాగున్న టెండన్ ఒకటి తెచ్చి మణికట్టు లేవడానికి కుట్టాలి. నరం కోలుకుంటూ ఉంటే ఆ కోతే అక్కర్లేదు. కోశాక మళ్లీ వల లాగే పట్టు ఉంటుందని డాక్టరుగారు మాటివ్వలేకపోయారు.

"ఒక్క పరీక్ష నేను నమ్మను. మూడు రోజులు చెయ్యమ్మా" అన్నారాయన.

చేశాను. "మణికట్టు పైకెత్తు దాలయ్యా" అంటే, "ఎత్తతన్నాను కదమ్మా, అది రాదు" అనేవాడు. స్పీకరు ఉలకలేదు, పలకలేదు. మూడు కాగితాల మీదా 'స్పందన లేదు' అని రాసి సంతకం పెట్టాను. మూడూ అచ్చు గుద్దినట్టు వచ్చాయని మురిసిపోయాను కూడా. సిగ్గుపడాల్సిన సంగతే, అయినా చెబుతున్నాను.

మూడో రోజు, శనివారం, సంతకం పెట్టేసి సూది తీయబోతుంటే దాలయ్య బావ ఎర్రయ్య గుమ్మంలోంచి అందుకున్నాడు.

"ఏటమ్మా, ఉత్తినే సెయ్యెత్తమంటే ఎలాగెత్తుతాడు? పెద్దవల లాగినప్పుడు సేతిలో తాడుండాల, పక్కోడు కేకెయ్యాల. అప్పుడు గాని మాకు బలం రాదు."

నాకు ఒళ్లు మండింది. నా యంత్రానికి పాఠం చెప్పడానికి నువ్వెవరివయ్యా అనబోయాను. అంతలో చదువుకున్నది తట్టింది. పిడికిలి గట్టిగా బిగిస్తే మణికట్టును ఎత్తే కండరాలు వాటంతట అవే బిగుస్తాయి.

కట్టు గుడ్డ పేని తాడు చేసి, ఒక కొస దాలయ్యకు, ఇంకో కొస ఎర్రయ్యకు ఇచ్చాను.

"ఒరే దాలిగా, పట్టరా. వల బరువుగున్నాది. ఏలెస్సా" అన్నాడు ఎర్రయ్య.

"ఏలెస్సా" అని దాలయ్య గొణిగాడు.

మూడో లాగుకు స్పీకరులో టప్‌మంది. నాలుగో లాగుకు టపటపటప. డాక్టరుగారూ అని నేను పెట్టిన కేకకు వరండాలో రోగులంతా లేచి నిలబడ్డారు.

ఆయన విన్నారు గాని నవ్వలేదు. "సూది కదిలినా చప్పుడొస్తుంది. లాగుతున్నది వాళ్ల బావేమో" అన్నారు.

నిజమే. దాలయ్యను చెయ్యి వదిలెయ్యమని, ఎర్రయ్య చేత ఊపించాం. గరగరమంది గాని టపటప లేదు. ముంజేతిని బల్లకు కట్టి, సూది మరోచోట గుచ్చి, కేక వేయించాం. టపటప. ఇంకోచోట గుచ్చాం. అక్కడా టపటపే. కేక ఆగి దాలయ్య పిడికిలి వదిలితే నిశ్శబ్దం.

"నరం వస్తన్నాదా బాబూ?" అని అడిగాడు దాలయ్య.

"వస్తోందయ్యా. సోమవారం ఆపరేషను లేదు" అన్నారు డాక్టరుగారు.

దాలయ్య ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, ఎవరేమనుకుంటే నాకేం. వేసవిలో అతను మళ్లీ వచ్చి, నేను అడక్కముందే మణికట్టు ఎత్తి చూపించాడు.

జవాబు మూడుసార్లు ఒకేలా వచ్చిందంటే అది నిజమని కాదు, నేను మూడుసార్లూ ఒకేలా అడిగానని. ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ, ఈ మనిషి ఏం పని చేసి బతుకుతాడో కనుక్కోకుండా 'స్పందన లేదు' అని రాయలేదు. ఎర్రయ్య ఆ రోజు నోరు మూసుకుని ఉంటే, బాగుపడుతున్న చేతిని కోయించేది నా సంతకమే.