పిన్ని దుకాణంలో ఇద్దరు అమ్మలు

మా పిన్నికి పిచ్చి పట్టిందని మొదట అన్నది మా బాబాయి. కుట్టుమిషను తొక్కుతూ "మా, మా, మా" అని రాగాలు తీస్తుంటే ఎవరైనా అదే అంటారు. లావోస్ దేశపు లావో భాషలో ఒక రాగంలో "మా" అంటే రావడం, ఇంకో రాగంలో కుక్క, మరో రాగంలో గుర్రం. "ఒక్క పలుకుతో కుక్కని గుర్రం చేసేశారే!" అని పిన్ని సంబరపడిపోయేది. బాబాయి చెవుల్లో దూది పెట్టుకునేవాడు.

పిన్నిది ఓ పాత భవనం కింది అంతస్తులో టైలరింగ్ దుకాణం. పక్కనే బేకరీ, అందులో పనిచేసే లావో అమ్మాయి. ఆ భవనంలో లిఫ్టు వారం వారం మొరాయించేది. దాన్ని బాగుచేయడానికి వచ్చే నార్వే అబ్బాయిని, గుమ్మం తగలకుండా లోపలికి రాలేడు కాబట్టి, పొడుగబ్బాయి అనేవాళ్లం. అతను ప్యాంటు పొడవు పెంచమని వచ్చిన రోజే ఆ అమ్మాయి గౌను బిగించమని వచ్చింది. ఒకే కుర్చీ ఉంటే నువ్వు కూర్చో అంటే నువ్వు కూర్చో అనుకున్నారు. ఇద్దరూ నిలబడే ప్రేమలో పడ్డారు. అదంతా తన గొప్పే అని పిన్ని నమ్మకం.

ఇక ఇద్దరినీ పట్టుకుని రెండు భాషలూ పిండి నేర్చేసుకుంది. కొలతలకి వచ్చిన వాళ్లెవరూ పాఠం వినకుండా బయటపడలేదు.

"చేతులెత్తమ్మా. మనం వెళ్తాను, వెళ్తావు, వెళ్తుంది అని ఎన్ని తోకలు తగిలిస్తాం! లావో వాళ్లకీ, నార్వే వాళ్లకీ ఆ గొడవే లేదు. నేనైనా నువ్వైనా వాళ్లైనా ఒకటే మాట. ఊపిరి బిగబట్టకు, నడుం కొలత తప్పొస్తుంది! కాకపోతే జరిగిపోయింది చెప్పాలంటే నార్వే వాళ్లు ఆ మాటనే మార్చాలి. లావోలో పక్కన ఓ చిన్న ముక్క అతికిస్తే సరి."

రాత సంగతి వస్తే మరీ రెచ్చిపోయేది. లావోలో మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదలరట, కత్తెర పడని గుడ్డలా సాగిపోతుందట. నార్వే వాళ్లు ఖాళీలు వదులుతారు గానీ రెండు మూడు మాటలు కలిపి కుట్టి బారెడు మాట చేసేస్తారట. వాళ్లకీ చాలాచోట్ల రాగాలున్నాయి, కాని రెండే. రైతులనే మాటకీ చిక్కుడు గింజలనే మాటకీ తేడా తెలిసేది ఆ రాగంలోనేనట. అన్నిటికన్నా వింత, వాళ్లలో కొందరు "అవును" అనే మాటని ఊపిరి లోపలికి పీలుస్తూ అంటారు. పొడుగబ్బాయి మొదటిసారి అలా అన్నప్పుడు, గుండుసూది గుచ్చేశాననుకుని పిన్ని హడలిపోయింది.

సరే, పెళ్లిమాట వచ్చింది. ఇద్దరి అమ్మలూ ఊళ్లో దిగారు. అమ్మాయి తల్లి ఒకటే మాట చెప్పింది. "ఆవిడకీ నాకూ పొసగాలి. పొసగకపోతే ఈ పెళ్లికి నేను ఒప్పుకోను." అమ్మాయి ఏడుపు మొహంతో పిన్ని దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. తల్లి కాదంటే తను చేసుకోదు, పొడుగబ్బాయిని వదులుకోనూ లేదు.

"నేనుండగా నీకేం భయమే?" అంది పిన్ని. నాకు మాత్రం భయమేసింది.

ఆదివారం మధ్యాహ్నం బట్టలు కత్తిరించే బల్ల ఖాళీచేసి, బేకరీ నుంచి కుర్చీలు తెచ్చి, టీ, బిస్కెట్లు పెట్టాం. రెండు భాషల మధ్యా పిన్నే వంతెన. అమ్మాయి తల్లి కూర్చుంటూనే, "ఆవిడ వయసెంతో అడుగు" అంది. ఆవిడ తప్పు లేదు. లావోలో ఎదుటి మనిషిని పిలవాలంటే పెద్దో చిన్నో తెలియాలి. పెద్దయితే అక్క. చిన్నయితే "నాంగ్", అంటే చెల్లి. నార్వే వాళ్లకి ఆ బాధ లేదు. డాక్టరైనా, పై ఆఫీసరైనా, అత్తగారైనా అందరూ "నువ్వే". వయసుతో పనిలేదు, పైగా చూడగానే వయసడగడం మర్యాద కాదని పొడుగబ్బాయి ముందే చెప్పాడు.

పిన్ని నార్వే అమ్మ తెల్లజుట్టు చూసింది. వంగిన భుజాలు చూసింది. భుజాలు చూసి వయసు చెప్పేస్తానని మా పిన్నికి ఎప్పటినుంచో ఓ గర్వం. అడక్కుండానే, "మీకంటే చాలా పెద్దావిడండీ" అనేసింది.

అంతే, అమ్మాయి తల్లి గబుక్కున కుర్చీ దిగి స్టూలు మీద కూర్చుంది. చేతులు జోడించి తల వంచేసింది. పెద్దావిడ మొదలుపెడితే గానీ తను నోరు విప్పదు. నార్వే అమ్మ అసలే పొదుపుగా మాట్లాడే మనిషి. టీ చల్లారిపోయింది. టీ బాగుందా అని పిన్ని అడిగితే, నార్వే అమ్మ ఊపిరి పీలుస్తూ "అవును" అంది. అమ్మాయి తల్లికి అది నిట్టూర్పులా వినిపించింది.

"నాతో కూర్చోవడమే ఆవిడకి కష్టంగా ఉంది. లే, వెళ్దాం" అంది కూతురితో.

నార్వే అమ్మ కూడా కొడుకు వైపు తిరిగి, "నేనంటే ఆవిడకి గిట్టలేదురా. కళ్లెత్తి చూడటం కూడా లేదు" అంది. అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. పొడుగబ్బాయి కుర్చీలో కుంచించుకుపోయాడు.

"పిన్నీ, వయసడుగు!" అన్నాను నేను.

"మర్యాద కాదే!"

"మర్యాద తగలబడ, పెళ్లి పోతోంది!"

పిన్ని లేచి ఇద్దరి మధ్యా నిలబడింది. ఇటు లావో, అటు నార్వేజియన్, మధ్యలో కంగారులో మన భాష కూడా కలిపేసి, తప్పంతా తనదేనని, వయసు ఊహించి చెప్పేశానని ఒప్పుకుంది. నార్వే అమ్మ పకపకా నవ్వింది. "ముప్పైకే తెల్లబడింది నా జుట్టు. నాకు యాభై ఎనిమిదే!"

అమ్మాయి తల్లికి అరవై మూడు.

ఆవిడ స్టూలు మీంచి లేచిన తీరు చూడాలి! ఒక్క క్షణంలో ఇంటి పెద్దదైపోయింది. "నాంగ్! ఆ టీ పారబొయ్, చల్లారింది. వేడిది తాగు. ఇంత సన్నబడితే ఎలా? ఆ కోటుకి గుండీ ఏది?" అంటూ పిన్ని సూది లాక్కుని, గుండీల డబ్బా వెతికి, ఆవిడ కోటు విప్పించి కుట్టడం మొదలుపెట్టింది. తిట్లు ఆగడం లేదు. పిన్ని అన్నీ ఊపిరాడకుండా నార్వే భాషలోకి మార్చి చెబుతోంది. మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నాం.

నార్వే అమ్మ మాత్రం నవ్వడం లేదు. "ఏమని పిలుస్తోంది నన్ను?" అంది.

"చెల్లీ అని."

ఆవిడ సూది వైపు చూసింది. "ఇంట్లో నేనే పెద్దదాన్ని. నా తర్వాత ఐదుగురు. అందరి గుండీలూ నేనే కుట్టాను. నాకెవరూ కుట్టలేదు" అంది. కళ్లు తుడుచుకుంది.

పిన్ని అది లావోలోకి మార్చబోయి, సగంలోనే గుడ్డముక్క వెతుక్కుని ముక్కు చీదుకుంది. మిగతాది అమ్మాయి చెప్పింది. తల్లి గుండీకి ముడేసి, దారం పంటితో కొరికి, కోటు ఆవిడ భుజాల మీద కప్పింది.

"పెళ్లి ఏ నెలలో పెట్టుకుందామో మా చెల్లిని అడుగు" అంది.