రెండో బిడ్డ వెన్నెముక

మా మొదటి బాబు వెన్ను మూసుకోకుండా పుట్టాడు. నడుము దగ్గర చర్మం లేదు, పల్చటి పొర మాత్రమే. విశాఖపట్నంలో తొమ్మిది రోజులు బతికాడు.

నాలుగేళ్ల తర్వాత, తొంభైల చివర్లో, ఢిల్లీ కంటోన్మెంట్ క్వార్టర్స్‌లో ఉండగా మళ్లీ నెల తప్పాను. మా ఆయన హవల్దారు. అప్పటికి ఆయన యూనిట్ సరిహద్దుకు వెళ్లింది. నేను ఒక్కదాన్నే ఉన్నాను.

డాక్టరమ్మ నా పాత కాగితాలు చూసి, నాలుగో నెలలో రక్తపరీక్ష రాసింది. బిడ్డ వెన్నులో లోపముంటే తల్లి రక్తంలో ఒక పదార్థం పెరుగుతుందట. పది రోజులకు రిపోర్టు వచ్చింది. అది ఎక్కువగానే ఉంది.

"లోపం ఉందని కాదు, ఉందేమో చూడాలని," అందామె హిందీలో. "గురువారం పెద్ద స్కాన్ చేయిద్దాం."

ఆమె చెప్పినదాంట్లో 'ఉందేమో' ఒక్కటే నాతో ఇంటికి వచ్చింది.

ఆదివారం మా ఆయన పక్కింటి సుబేదారుగారి ఫోనుకు చేశారు.

"డాక్టరు ఏటన్నారు?"

"అంతా బాగానే ఉందన్నారండి."

"నీ గొంతు అలాగుందేటి?"

"జలుబు చేసింది."

మంచులో తుపాకీ పట్టుకుని నిలబడ్డ మనిషికి ఇంకేం చెప్పను?

అప్పుడే బిడ్డ కదలడం మొదలైంది. వేరే తల్లయితే మురిసిపోయేది. మొదటివాడు కూడా కడుపులో కదిలాడు, అప్పుడు నేనూ మురిసిపోయాను. వాడు పుట్టాక కాళ్లు మాత్రం కదపలేదు. అందుకని ఇప్పుడు కదిలినప్పుడల్లా పొట్ట మీద చెయ్యి వేసుకుని, ఇది కాలా, చెయ్యా అని బిగుసుకుపోయేదాన్ని.

గురువారం సుబేదారుగారి భార్య నాతో వచ్చింది. ఆడో మగో చెప్పబోమని స్కాన్ గది బయట బోర్డు పెట్టారు. ఆమె దాన్ని చదివి, "ఏదైనా ఠీకే," అంటూ నా చెయ్యి పట్టుకుంది. నేను దేనికి భయపడుతున్నానో ఆమెకు చెప్పలేదు.

లోపల స్కాన్ తీసే డాక్టరు వేరే ఆయన. స్క్రీను ఆయనవైపే ఉంది. ఒకేచోట నొక్కి చూశాడు, వెనక్కి వెళ్లాడు, మళ్లీ అక్కడే నొక్కాడు.

"చివరి నెలసరి తేదీ సరిగ్గా గుర్తుందా?"

"అంచనాగా చెప్పాను. నాకు క్రమంగా రాదు."

ఆయన స్క్రీను నావైపు తిప్పాడు. పూసల వరుసలాంటిదేదో తెల్లగా కనబడింది. "వెన్ను పూర్తిగా మూసుకునే ఉంది. బిడ్డ వయసు మీరనుకున్నదానికంటే రెండు వారాలు ఎక్కువ. వయసు పెరిగేకొద్దీ ఆ పదార్థమూ పెరుగుతుంది, అందుకే రిపోర్టులో ఎక్కువ వచ్చింది."

"కాళ్లు కదుపుతోందా?" అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఔనన్నాడు.

తర్వాతి ఆదివారం మా ఆయనకు అంతా చెప్పేశాను. "ఇంకెప్పుడూ ఒక్కదానివే మొయ్యకు," అన్నారు.

కానీ భయం పోలేదు. స్కాన్‌కు అందనిది ఏదైనా ఉందేమోనని తొమ్మిదో నెల దాకా అనుకుంటూనే ఉన్నాను. కాన్పయ్యాక నర్సు, ఆడపిల్ల పుట్టడం చెడ్డ కబురైనట్టు, "బేటీ హై," అంది మెల్లగా. పాపను బోర్లా తిప్పి చూపించమన్నాను. మెడ నుంచి నడుము దాకా వేలితో తడిమాను. చర్మం వెచ్చగా, నున్నగా, ఎక్కడా తెగకుండా ఉంది.

అయినా పాప కాళ్లను రోజూ గిల్లి చూసేదాన్ని. పదమూడో నెలలో అది మంచం పట్టుకోకుండా నాలుగడుగులు వేశాక మానేశాను.