పూజ అయినంక పోదామన్నాడు బాపు

హుజూర్‌నగర్ దగ్గర మా ఊళ్లోని క్రైస్తవుల గుడికి బాపు ఉపదేశి. పూజ చేసే స్వామి, అంటే ఫాదరు, ఊళ్లో లేని రోజుల్లో గుడి తలుపు తీసి జపాలు చెప్పించేదీ, పిల్లలకు మతం కట్టడలు నేర్పేదీ ఆయనే. వారమంతా కూలిపని, ఆదివారం మాత్రం తెల్లచొక్కా. ఆ చొక్కా తొడిగితే ఇంట్లో ఎవరికీ నోరు లేచేది కాదు. ఆదివారం పూజ విడిస్తే చావైన పాపమనీ, ఆ పాపంతో పోయినవాడికి నరకం తప్పదనీ ఆయన దగ్గరే వల్లించాం. ప్రయాణమైనా సరే, పూజ దొరికే ఊరు చూసుకొని పెట్టుకోవాలి. లేదంటే పూజ విన్నాకే గడప దాటాలి. ఈ లెక్కన చుట్టాల పెళ్లిళ్లకు మేమెప్పుడూ విస్తళ్లు ఎత్తేశాకే చేరేవాళ్లం.

అమ్మ పుట్టిల్లు పాలమూరు జిల్లా కోస్గి. సాగర్ కాలువ పనులు జోరుగా సాగుతున్న ఆ ఏళ్లలో పాలమూరు జనం మా వైపు మట్టిపనికి గుంపులుగా వచ్చేవాళ్లు. ఒక శనివారం పొద్దుగూకే వేళ అట్లా వచ్చిన మనిషొకడు మా ఇల్లు అడుక్కుంటూ వచ్చాడు. అవ్వకు, అంటే అమ్మవాళ్లమ్మకు, గంజి కూడా దిగడం లేదట. బిడ్డను చూస్తానని ఒకటే కలవరిస్తున్నదట. అమ్మ నిలబడ్డ చోటనే మూట కట్టేసింది. పట్నం పోయే బస్సు పొద్దున్నే ఒకటే ఉండేది. అది ఎక్కితే ఆదివారం చీకటిపడే వేళకు కోస్గిలో ఉండొచ్చు.

"రేపు ఐతారం. పూజ అయినంక పోదం," అన్నాడు బాపు.

పూజ అయ్యేదాకా బస్సు ఆగదని ఆయనకూ తెలుసు. తానొక్కతే పోతానన్నది అమ్మ. ఉపదేశి పెండ్లామే పూజ ఎగ్గొడితే రేపు ఊళ్లో ఎవరికి ఏం చెప్పాలని గద్దించాడు. అమ్మ మూట విప్పలేదు. మర్నాడు మేము గుడికి పోతుంటే బస్సు మా పక్కనుంచే దుమ్ము లేపుకుంటూ పోయింది. అమ్మ పరగడుపున మోకాళ్ల మీద ఉండి స్వామి చేతి సత్ప్రసాదం తీసుకున్నది.

సోమవారం బస్సెక్కాం. మేము చేరేసరికి అవ్వను మట్టి చేసి వచ్చి, తడిబట్టలతో అందరూ వాకిట్లో కూర్చొని ఉన్నారు. ప్రాణం ఆ పొద్దున్నే పోయింది. ఆదివారమంతా తలుపు చప్పుడైతే చాలు కండ్లు తెరిచి చూసిందని మేనమామ చెప్పాడు. అమ్మ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, నాకు అంత భయమయ్యేది కాదు.

తర్వాతి పూజకు వచ్చినప్పుడు స్వామి అమ్మను పరామర్శించారు. బాపు చేతులు కట్టుకొని పక్కన నిలబడి, అంత ఆపదలోనూ పూజ విడవలేదని చెప్పాడు. మెప్పు కోసమే చెప్పాడని ఇప్పటికీ నా అనుమానం. స్వామి ముఖం తెల్లబోయింది. కన్నతల్లి చావుబతుకుల్లో ఉంటే ఆగమని ఎవరు చెప్పారని అడిగారు. అట్లాంటి ప్రయాణంలో పూజ తప్పితే పాపమే కాదన్నారు, చిన్న పాపం కూడా కాదన్నారు. ఆ బస్సుకే పోవలసింది తల్లీ అన్నారు.

నేను నిర్ఘాంతపోయాను. పాపమే కాదా? మరి బెత్తం దెబ్బలు తింటూ మేము వల్లించిన కట్టడల్లో ఈ ముక్క ఎక్కడ పోయింది? బాపు ముఖంలోకి చూశాను. ఆయనకు తెలియదు. ఊరందరికీ నేర్పిన మనిషికి తెలియదు. ఆ క్షణాన ఆయన మీద పుట్టిన కోపం నాకు ఇన్నేళ్లకూ పూర్తిగా చల్లారలేదు.

అమ్మ స్వామి వైపు చూడలేదు. బాపు వైపు తిరిగింది. గొంతు పెంచకుండానే అన్నది:

"ఆ శనారం మాపు సామి గుడికాడనే దిగిండె. బువ్వ నువ్వే తీస్కపోయి పెడితివి. ఒక్క మాట అడగకపోతివా?"



"అడిగేదేమున్నది," అన్నాడు బాపు, "నాకెరికే అనుకున్న."