టోకెనమ్మ చెప్పే చోట్లు

చిత్రాల మ్యూజియానికి వచ్చినవాళ్ళు మొదట చూసేది చిత్రాల్ని కాదు, టోకెనమ్మని. సంచులూ గొడుగులూ తిండి డబ్బాలూ లోపలికి తీసుకుపోనివ్వరు కనుక, గుమ్మం పక్క కౌంటర్లో ఆవిడకి అప్పజెప్పి, ఇత్తడి టోకెను పుచ్చుకుని వెళ్ళాలి. రెండు గంటలు తిరిగి, కాళ్ళు పీక్కుపోయి బయటికొచ్చాక ఏ చిత్రం గొప్పదని ఎవరూ అడగరు. "దగ్గర్లో తినడానికి ఏమైనా దొరుకుతుందా అమ్మా?" అని అడుగుతారు. ఎంతటి కళాభిమానికైనా పొట్టంటూ ఒకటుంటుంది కదా. ఇరవై ఆరేళ్ళుగా ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం టోకెనమ్మ పని. ఉద్యోగం కాగితాల్లో ఆ పని రాసి లేదు, ఆవిడే నెత్తికెత్తుకుంది.

అందరికీ ఒకటే జవాబు చెప్పడం ఆవిడకి చేతకాదు. మనిషిని ఎగాదిగా చూసి మరీ చెప్పేది. కర్ర పట్టుకుని వచ్చిన పెద్దాయన్ని రోడ్డు దాటనివ్వకుండా పక్క సందులో సూప్ దొరికే చోటికి పంపేది. అక్కడి కుర్చీల్లో వీపు ఆన్చుకుని కూర్చోవచ్చు. చంటిపిల్ల తల్లినైతే, మొహం చిట్లించకుండా పాలు వెచ్చబెట్టి ఇచ్చే రొట్టెల దుకాణానికి. ముఖాలు చెరోవైపు తిప్పుకుని నిలబడ్డ ఆలుమగల్ని పళ్ళరసం కొట్టుకి. అక్కడ గ్లాసు చేతికి రావడానికి అరగంట పడుతుంది, ఆ లోపల ఎవరో ఒకరు మాట కలపక తప్పదని ఆవిడ లెక్క.

ఇంతా చేసి, ఆ చోట్లలో ఒక్కదాని గడపైనా ఆవిడ తొక్కలేదంటే నమ్మాలి. ఇంకొకరి సామాను చేతిలో ఉండగా కౌంటరు వదిలి కదలడానికి వీల్లేదు. మధ్యాహ్నమయ్యేసరికి అరల వెనక్కి నక్కి, ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బాలోది నాలుగు ముద్దలు మింగడమే. తిని చూసి వచ్చేది ఆయన.

ఆయనంటే ఆవిడ భర్త, మూడో హాలు కాపలాదారు. నోట్లో నాలుక లేని మనిషి. హాల్లోకి ఎంతమంది వచ్చారో ఎంతమంది పోయారో లెక్కపెట్టడం ఆయన ఉద్యోగం. ఆ అలవాటు బయట కూడా పోలేదు, ఎక్కడికెళ్ళినా కుర్చీలూ కిటికీలూ మెట్లూ లెక్కపెట్టుకుంటూ నడిచేవాడు. భోజనానికి గంట సెలవు. ఆ గంటలో చుట్టుపక్కల వీధుల్లో ఏదో ఒక చోట తిని, సరిగ్గా రెండింటికి కౌంటరు ముందు మిగతా జనంతో పాటు వరసలో నిలబడేవాడు. తన వంతు వచ్చాక మొదలయ్యేది విచారణ.

"సూప్ వేడిగా ఇస్తున్నాడా?"

"ఇస్తున్నాడు."

"ముసలివాళ్ళు నమలగలరా ఆ రొట్టె?"

"ముంచుకుంటే నమలగలరు."

"మెట్లు?"

"మూడు. మూడోది కాస్త విరిగింది."

వెనక నిలబడ్డ జనం నవ్వుకునేవాళ్ళు. పోలీసు స్టేషన్లో కూడా ఇన్ని ప్రశ్నలుండవని ఎవరో అంటే, ఆయన కూడా నవ్వి ఊరుకున్నాడు. అలా పోగైనవే పదకొండు చోట్లు. దారులన్నీ ఆయన గీస్తే, పక్కన మాటలు ఆవిడ రాసింది. ఆ కాగితం నకళ్ళు తీసి అడిగినవాళ్ళకల్లా పంచేది. రిటైరయ్యాక రోజుకొకటి చొప్పున పదకొండు చోట్లూ తిప్పి తినిపిస్తానని ఆయన మాటిచ్చాడు.

రిటైర్మెంటుకి రెండు నెలలుందనగా మూడో హాల్లో, తన కుర్చీలోనే ఒరిగిపోయాడు. ఆసుపత్రిలో డాక్టరు అడిగాడు: "ఎన్నాళ్ళ నుంచి ఈ ఆయాసం? నాలుగడుగులు నడిస్తే ఛాతీ పట్టేస్తోందని చెప్పలేదా మీకు?" టోకెనమ్మకి కోపం వచ్చింది. "ఆయాసమేమిటండీ! రోజూ ఊరంతా తిరిగి తినొచ్చే మనిషి" అంది. డాక్టరు ఆవిడ వంక ఒక చూపు చూసి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. మర్నాడు ఆయన పోయాడు.

ఎనిమిది నెలలైంది. ఏడవగలిగినంత ఏడ్చింది, మళ్ళీ కౌంటర్లో కూర్చుంది. కానీ ఆ డాక్టరు చూపు మాత్రం వదల్లేదు. భర్తకి ముందే తెలుసా? తెలిసి దాచాడా? పక్కనే పడుకునే మనిషికి ఊపిరి ఆడటం లేదని తనకి ఎలా తెలియకుండా పోయింది? అన్నం కలుపుకుంటున్నా ఇదే, టోకెను ఇస్తున్నా ఇదే.

ఇంతలో కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మకి ఆ కాగితం కంటబడింది. చిన్నపిల్లే అయినా మనిషి మంచిది. "దీన్ని పెద్ద బోర్డుగా చేయించి గేటు దగ్గర పెట్టిద్దామమ్మా. కానీ అన్నీ ఇప్పటికీ ఉన్నాయో లేదో ఒకసారి చూసి రాగలరా?" అంది. సోమవారం మ్యూజియానికి సెలవు. కూతురు ఫోన్ చేసి "ఒక్కదానివే ఎక్కడ తిరుగుతావమ్మా, నేనొస్తాను" అంటే వద్దంది. ఆయన గుర్తింపు కార్డు సంచిలో వేసుకుని బయల్దేరింది. చోట్లు చూడటానికని అందరికీ చెప్పింది గానీ, ఉన్నమాట చెప్పాలంటే ఆయన్ని చూసినవాళ్ళని చూడటానికి వెళ్ళింది.

మొదటి ఏడు చోట్లలోనూ ఆయన ఉన్నాడు. సూప్ దుకాణం అతను కార్డు మీది ఫొటో చూడగానే లేచి నిలబడ్డాడు. "ఈ కిటికీ పక్కనే కూర్చునేవారమ్మా. రొట్టె సగం తిని సగం కాగితంలో చుట్టుకునేవారు, మా ఆవిడకి అని." ఆ సగం రొట్టె తిన్నది తనే కనుక టోకెనమ్మ తల వంచుకుంది. ఆ కుర్చీలోనే కూర్చుని సూప్ తెప్పించుకుంది, రెండు చెంచాలు తాగి గిన్నె పక్కకి జరిపింది. పళ్ళరసం కొట్టులో అరగంట కూర్చుంది, మాట కలపడానికి ఎదురుగా ఎవరూ లేరు. రొట్టెల దుకాణం ఆవిడైతే చెయ్యి పట్టుకుని, "మీరేనా ఆ ప్రశ్నలావిడ!" అని పెద్దగా నవ్వి, ఆ నవ్వుతోనే కళ్ళు తుడుచుకుంది. ప్రతి చోటా ఒక మాట చివర, "ఏడాదిన్నర నుంచీ రావడం మానేశారే, ఏమైందా అనుకున్నాం" అన్నారు. మొదటిసారి ఆవిడ పట్టించుకోలేదు. నాలుగోసారికి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది: ఆయన పోయి ఎనిమిది నెలలే.

మిగిలిన నాలుగూ ఆయన ఆఖరి ఏడాదిలో కలిపిన చోట్లు. ఎనిమిదో చోట కార్డు అటూ ఇటూ తిప్పి చూశారు. "ఈయన ఎప్పుడూ రాలేదమ్మా." తొమ్మిదో చోటా అదే మాట. గంట సేపు రోజూ ఎటు పోయినట్టు? ముప్ఫై మూడేళ్ళు కాపురం చేసిన మనిషి మీద, అదీ పోయిన మనిషి మీద అనుమానపడే పాడు బుద్ధి ఎవరికీ రాకూడదు, కానీ వచ్చింది. ఏ దిక్కుమాలిన ఇంటికో వెళ్ళేవాడా అని కూడా అనుకుంది. అనుకున్నందుకు తనని తనే తిట్టుకుంటూ, నడవలేక, మ్యూజియం వెనక గేటు దగ్గర టీ బండి పక్కన బల్ల మీద కూలబడింది.

టీ బండి అతను ఆవిడ అడక్కుండానే టీ పోసి తెచ్చాడు. ఇచ్చి, అక్కడే నిలబడ్డాడు.

"మీరొస్తారని ఎనిమిది నెలలుగా చూస్తున్నానక్కా. నా అంతట నేనొచ్చి చెప్పడానికి ధైర్యం చాల్లేదు."

"ఏం చెప్పాలి?"

"బావగారు ఆఖరి పది నెలలూ ఈ బల్ల దాటి పోలేదు. పదడుగులేస్తే చాలు ఛాతీ పట్టుకునేవారు. ఇక్కడే కూర్చుని, ఆ పై వీధుల్లో తినొచ్చేవాళ్ళని పిలిచి అడిగేవారు. ఏం తిన్నారు, ఎట్లా ఉంది, కుర్చీలున్నాయా, ముసలివాళ్ళు నమలగలరా అని. మీరడిగేవన్నీ వాళ్ళని అడిగి, తల ఊపుకుంటూ బట్టీ పట్టేవారు. రెండవుతోందనగా మొహం కడుక్కుని లేచేవారు."

టోకెనమ్మ గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"డాక్టరు దగ్గరికి పొమ్మని చెప్పలేకపోయావా తమ్ముడూ?"

"చెప్పకుండా ఉంటానా అక్కా! రిటైరయ్యాక చూపించుకుంటా, ఇప్పుడు తెలిస్తే మా ఆవిడ నన్ను ఇంట్లో కూర్చోబెట్టి ఆ కాగితం చించి అవతల పారేస్తుంది, ఆ కాగితమంటే దానికి ప్రాణం అన్నారు. మీకు చెప్పనని నా చేత ఒట్టు పెట్టించుకున్నారు."

"మరి పదో చోటు? ఆ మెట్ల పైన కాఫీ దుకాణం? అక్కడికి వెళ్ళారుగా. మెట్లు లెక్కపెట్టుకుని వచ్చారుగా!"

టీ బండి అతను తల దించుకున్నాడు. "ఆ ఒక్కరోజే వెళ్ళారు. కాళ్ళు పట్టుకుని బతిమాలినా ఆగలేదు. 'నా మూలంగా అది నలుగురిలో మాట పడింది, ఒక్కసారి చూసొస్తా' అన్నారు."

ఆ రోజు ఆవిడకి గుర్తు లేక కాదు. కాఫీ దుకాణానికి మెట్లు లేవని ఆయన చెబితే అలాగే రాసింది. అది నమ్మి వెళ్ళిన ఒక ముసలావిడ రొప్పుకుంటూ తిరిగొచ్చి, "మనుషుల్ని చంపడానికి రాశావా ఈ కాగితం?" అని జనం ముందు కడిగేసింది. టోకెనమ్మకి తల కొట్టేసినట్టయింది. రెండింటికి ఆయన వరసలో నిలబడగానే నోరు పారేసుకుంది. "కళ్ళు ఎక్కడ పెట్టుకుని నడిచారు? తిన్నగా చూసి చెప్పలేని వాళ్ళు చెప్పడమెందుకు?" ఆయన నోరెత్తలేదు. మర్నాడు మాత్రం ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. "ఇరవై ఒకటి" అన్నాడు. ఆవిడ కోపం ఇంకా తీరలేదు. తలెత్తి చూడకుండానే రాసుకుంది. చూసి ఉంటే ఆ మొహం మీది చెమటైనా కనిపించేది. ఆ తర్వాత ఆయన బతికింది పద్దెనిమిది రోజులు.

టీ తాగకుండానే లేచి వెళ్ళింది. పదో చోటికి పోయే దారి రెండు మేడల మధ్య ఇరుకు సందు, సందు చివర రాతి మెట్లు. ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ ఎక్కింది. ఇరవై ఒకటో మెట్టుతో చిన్న చదును వచ్చింది, గోడకి ఇనుప కమ్మీ ఉంది. హమ్మయ్య, వచ్చేశానని తలెత్తింది. దుకాణం లేదు. మెట్లు పక్కకి మళ్ళి గోడ చాటున మళ్ళీ పైకి పోతున్నాయి. కాఫీ వాసన ఎక్కడో ఇంకా పైనుంచి వస్తోంది.

తను స్వయంగా పెట్టిన లెక్క జీవితంలో ఒక్కటీ తప్పు చెప్పి ఎరగడు. ఈ లెక్కా తప్పు కాదు. ఆయన ఎక్కగలిగినన్ని ఎక్కి, ఎక్కినన్నే చెప్పాడు. ఆ చదును మీద ఎంతసేపు కూర్చున్నాడో, ఊపిరి కుదుటపడేదాకా ఆ కమ్మీ ఎలా పట్టుకున్నాడో, అక్కడినుంచి మళ్ళీ కిందికి ఎలా దిగాడో చెప్పేవాళ్ళు లేరు. టోకెనమ్మ ఆ మెట్టు మీదే కూర్చుని, దిగుతున్నవాళ్ళు ఆగి చూస్తున్నా లెక్కచేయకుండా, గొంతెత్తి ఏడ్చింది. "చెప్పొచ్చు కదండీ! ఒక్క మాట చెప్పొచ్చు కదా!" అని గోడనడిగింది. ఏడుపు కాస్త తగ్గాక లేచి మిగతావి ఎక్కింది. మొత్తం నలభై రెండు.

మంగళవారం పొద్దున్నే ఆఫీసరమ్మ కాగితం తెప్పించుకుంది. "అన్నీ సరిగ్గా ఉన్నాయా అమ్మా?"

"పదకొండోది కూడా చూసే వచ్చాను. పదోది ఒక్కటే దిద్దాలి మేడమ్. ఇరవై ఒకటి కాదు, నలభై రెండు." కలం అడిగి పుచ్చుకుని, తను రాసిన అంకె తనే కొట్టేసింది. రేపు ఎవరో ఆయాసపడి నిలబడిపోకూడదు కదా.

"అరే, సగానికి సగం ఎలా తప్పు పడిందమ్మా?" అంది ఆఫీసరమ్మ, నవ్వుతూనే.

"నేను సరిగ్గా అడగలేదు మేడమ్" అంది టోకెనమ్మ. ఆఫీసరమ్మ కాగితం తీసుకుని పైకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఒకాయన బయటికొచ్చి టోకెను ఇచ్చాడు. అరవై దాటి ఉంటాయి. లోపల పై అంతస్తు చూసొచ్చినట్టున్నాడు, ఒక చెయ్యి కౌంటరు మీద ఆన్చి, రెండో చేత్తో ఛాతీ రాసుకుంటున్నాడు. "దగ్గర్లో తినడానికేమైనా ఉందా అమ్మా? మా ఆవిడ బయట చెట్టు కింద కూర్చుంది, ఆకలేస్తోందట" అన్నాడు.

సూప్ దుకాణం, పక్క సందు, అని నోటి చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. తన స్టూలు ఎత్తి కౌంటరు ఇవతల పెట్టింది. "ముందు కూర్చోండి" అంది.

ఆయన మొహమాటపడుతూ కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి ఈ ఆయాసం?"

"ఈ మధ్యేనమ్మా. మెట్లెక్కితేనే. పెద్దగా ఏం లేదు."

"ఆవిడకి తెలుసా?"

ఆయన గేటు వైపు చూసి, గొంతు తగ్గించాడు. "లేదమ్మా. చెబితే ఊరికే కంగారు పడుతుంది. తిడుతుంది కూడానూ."

టోకెనమ్మ కౌంటరు చెక్క రెండు చేతులతో పట్టుకుంది. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి, ఒకరి సంచి చేతికివ్వకుండా తన దగ్గరే ఆపింది.

"చెప్పండి బాబూ. ఇవాళే, ఇప్పుడే వెళ్ళి చెప్పండి" అంది. "తిడుతుంది. తిట్టనివ్వండి."